నవల ప్రమాణమా? ఉడుత కథకూ సోమరస కథకూ గల భేదం



కల్పన దోషం కాదు. కల్పనను ప్రమాణపీఠంపై కూర్చుండబెట్టడమే దోషం. ఇటీవల చదివిన కొన్ని పౌరాణిక, చారిత్రక నవలలను గూర్చి ఈ ఒక్క మాటనే సోపపత్తికంగా నిరూపింపదలచినాను. ఆ గ్రంథాలు ఇవి: అమీశ్ త్రిపాఠి గారు 2010 నుండి 2013 వరకు వెలువరించిన శివకథా నవలాత్రయం, ఆనంద్ నీలకంఠన్ గారి 'అసుర' (2012), భైరప్ప గారు 1979లో కన్నడంలో ప్రకటించిన 'పర్వ', మన అడివి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి'.

నిత్యార్చన చేసికొనేవానికి నవలలతో ఏమి పని అని అడిగే మిత్రులు కలరు. పని ఉన్నది. దేవాలయానికి వచ్చే యువతీయువకులు అడిగే ప్రశ్నలు ఇప్పుడు పురాణాల నుండి పుట్టడం లేదు, ఈ నవలల నుండి పుడుతున్నవి. "శివుడు టిబెట్టు నుండి వచ్చిన ఒక తెగ నాయకుడట గదా స్వామీ?" "సీతమ్మ రావణుని కూతురట గదా?" "గన్నారెడ్డి గజదొంగ అట గదా?" ఇట్లు అడిగేవారికి ఆ గ్రంథం తెరవకుండానే సమాధానం చెప్పడం శాస్త్రమర్యాద కాదు. మాధవాచార్యుల సర్వదర్శనసంగ్రహం చార్వాకమతంతోనే ఆరంభమవుతున్నది. పరమతాన్ని దాని సంపూర్ణబలంతో ముందుగా నిలబెట్టి, ఆ పిమ్మట ఖండించడం మన పెద్దలు వేసిన బాట. "ఈ పుస్తకాలను ముట్టరాదు, నిషేధింపవలె" అని చదవకుండానే కేకలు వేసేవారు ధర్మరక్షకులమని అనుకొంటున్నారు గాని, వారు విడిచిపెట్టినది పూర్వపక్షమనే మన ధర్మాన్నే.

ముందుగా ఏ వాక్కుకు ఏ పీఠమో నిర్ణయించుకొందాము. మమ్మటాచార్యులు కావ్యప్రకాశంలో వాక్కును మూడు విధాలుగా విభజించినారు. వేదం ప్రభుసమ్మితం, రాజాజ్ఞ వలె శాసిస్తుంది. పురాణేతిహాసాలు సుహృత్సమ్మితాలు, హితం కోరే మిత్రుని వలె, జరిగినది చెప్పి, దాని ఫలం చూపి, దారి తెలుపుతవి. కావ్యం కాంతాసమ్మితం, ప్రియురాలి వలె రసంతో హృదయాన్ని కరగించి తన వైపునకు త్రిప్పుకొంటుంది. నవల ఈ మూడవ పీఠానికి చెందినది. అక్కడ కూర్చున్నంత వరకు దానికి అవమానం లేదు, మనకు ప్రమాదమూ లేదు. ప్రియురాలి కంఠంతో మాట్లాడుతూ, మిత్రుని పీఠంపై కూర్చుండి, "అసలు జరిగినది ఇదే" అని చెప్పినప్పుడు చిక్కు ఆరంభమవుతుంది. పాఠకుడు ఆ పీఠాన్ని దానికి తానై వేసినప్పుడు చిక్కు రెట్టింపవుతుంది.

ఇప్పుడు ఆస్తికపక్షం నుండి వచ్చే మొదటి ఆక్షేపాన్ని పరిశీలిద్దాము. "రామకథను, శివకథను మార్చడమే మహాపాపం" అని కొందరి వాదం. ఈ వాదం నిలువదు. మహాభారతంలోని శకుంతలోపాఖ్యానంలో దుర్వాసుని శాపం లేదు, ఉంగరం పోవడం లేదు. దుష్యంతుని పాత్రను రక్షించడానికి ఆ రెంటినీ కాళిదాసు కూర్చినాడు. మహావీరచరితంలో భవభూతి వాలిని రామునిపై ఎదురుగా యుద్ధానికి రప్పించినాడు. ఇంత దూరం పోనక్కరలేదు. మన పాలమూరు నేలనే చూడుడు. నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని నంది వడ్డెమానే ఆనాటి వర్ధమానపురం. గోన వంశీయుల రాజధాని. ఆ వంశానికి చెందిన గోన బుద్ధారెడ్డి పేర వెలసిన ద్విపద రంగనాథ రామాయణంలో, సేతువు కట్టేటప్పుడు ఇసుకలో పొర్లి, ఆ ఇసుకను తెచ్చి వారధిపై విదిల్చిన ఉడుత కథ కలదు. వాల్మీకంలో ఆ ఉడుత లేదు. సులోచన సహగమనం లేదు, నిద్రను తలచుకొని లక్ష్మణుడు నవ్విన నవ్వూ లేదు. ఇవన్నీ వాల్మీకి తరువాతి కల్పనలు. ఉడుత వీపు మీది చారలు రామస్పర్శ వలన కలిగినవని మన తల్లులు పసిపిల్లలకు చెప్పని ఇల్లు ఉన్నదా? దానిని ఎవరైనా పాపమన్నారా? కనుక "మార్చినాడు" అన్న ఒక్క కారణంతో ఏ రచయితనూ దోషిగా నిలబెట్టలేము.

మరి ఉడుతకు ఉన్న అర్హత సోమరసానికి ఎందుకు లేదు? ప్రశ్న ఇక్కడ ఉన్నది. ఉత్తరం ఆనందవర్ధనాచార్యులు ధ్వన్యాలోకం తృతీయోద్ద్యోతంలో ఇచ్చినారు. రామాయణాదులు సిద్ధరసాలు, అనగా లోకహృదయంలో వాటి రసం ముందే స్థిరపడి ఉన్నది. వాటిని ఆశ్రయించిన కవి ఆ రసానికి విరుద్ధమైన స్వేచ్ఛాకల్పన చేయరాదని ఆ మహనీయుని నిర్ణయం. కల్పన ఉండవచ్చును, అది రసానికి సేవ చేయవలెను. బుద్ధారెడ్డి ఉడుత ఆ సేవ చేసినది. ఉడుతను తీసివేసినా రాముడు రాముడే. ఉడుతను చేర్చితే రాముని కారుణ్యం మరింత చేరువై కనబడుతుంది.

అమీశ్ గారి నవలను ఈ గీటురాయిపై పెట్టి చూతము. ముందుగా న్యాయంగా చెప్పవలసినది చెప్పుతాను. ఆ రచయిత శివద్వేషి కాడు. కథను పరుగెత్తించే నేర్పు ఆయనకు కలదు. పురాణం పేరు వింటేనే ఆవులించే అనేక యువకుల చేత వందల పుటలపాటు శివనామం పలికించినాడు. ఇది సామాన్యమైన పని కాదు. కాని ఆయన శివుని కంఠం నీలమైనది ఎందువలన? మెలూహా రాజ్యంలో ఇచ్చిన సోమరసమనే ఔషధం త్రాగినందువలన! పురాణంలో నీలకంఠత్వం ఒక త్యాగచిహ్నం. లోకాలు దహింపబడుతూ ఉంటే, దేవదానవులు పారిపోతూ ఉంటే, ఎవరికీ అక్కరలేని విషాన్ని తనకై ఎన్నుకొని, దానిని మ్రింగకుండా, వెలికి విడువకుండా కంఠంలో నిలిపినవాడు నీలకంఠుడు. నవలలో అది ఒక మందు వికటించక గుణమిచ్చినట్లు తెలిపే దేహలక్షణం మాత్రమే. ఎన్నుకోవడం లేదు, త్యాగం లేదు. శరీరం మాత్రం స్పందించినది. ఉడుత రామునికి ఏదో చేర్చినది. సోమరసం శివుని నుండి ఆయన సర్వస్వాన్ని హరించినది. రెంటికీ కల్పన అనే పేరు సమానమే, పని మాత్రం విపరీతం.

ఇంకొక మాట. ఆ కథానాయకుడు యుద్ధరంగంలో "హర హర మహాదేవ" అనే ఘోషకు "మనలో ప్రతి ఒక్కడూ మహాదేవుడే" అని అర్థం చెప్పుతాడు. వినడానికి ఉత్సాహంగా ఉన్నది, అద్వైతం వలె కూడ భ్రమింపజేస్తుంది. కాని 'ప్రతి' అనే అర్థం గల 'హర్' పారసీకం నుండి హిందీలోనికి వచ్చిన పదం. శివనామమైన 'హర' సంస్కృతంలో హృ ధాతువు నుండి పుట్టినది. పాపాలను, దుఃఖాలను, చివరకు జగత్తును హరించేవాడని దాని భావం. ధ్వనిసామ్యం చూచి అర్థం మార్చితే, మహాదేవుని హరత్వం పోయి మన అహంకారం మిగిలినది. ప్రతి ఒక్కడూ మహాదేవుడే అనిపించుకోవడానికి ముందు 'నేను' అనే దానిని హరింపజేసికోవలసి ఉన్నది గదా! అద్వైతం చెప్పేది ఆ మాట.

రెండవది 'అసుర'. రావణుని పక్షాన నిలిచి కథ చెప్పడాన్ని నేను తప్పు పట్టను. భాసుడు ఊరుభంగంలో దుర్యోధనునికి ఎంత గౌరవమిచ్చినాడు! సీతను మండోదరి గర్భంలో పుట్టినదిగా చెప్పే కథ అద్భుత రామాయణంలోనే ఉన్నది. అది కొత్త విప్లవమేమీ కాదు. నేను తప్పు పట్టేది ఆ నవల చదివినవారి నోట నిత్యం వినబడే ఒక సిద్ధాంతాన్ని: "ఇతిహాసం గెలిచినవాడు వ్రాసుకొన్నది; ఓడినవాని మాటను అణచివేసినారు" అని. ఈ మాట అనేవారు వాల్మీకిని చదవలేదని నిస్సంకోచంగా చెప్పగలను. నేలకూలిన వాలి రాముని ముఖం మీదనే అధర్మపరుడవని ఎంతసేపు నిందించినాడో కిష్కింధాకాండ తెరచి చూడుడు. రావణుని సభలో నిలిచిన హనుమంతుడు ఆ రాక్షసరాజు తేజస్సునకు విస్మితుడై, ఇంత బలమైన అధర్మం లేకుంటే ఇతడు దేవలోకాన్ని సైతం రక్షింపదగినవాడు గదా అనుకొన్నాడు. తొడలు విరిగి పడిన దుర్యోధనుడు కృష్ణుని ఎదుట పాండవుల అధర్మాలను ఒక్కొక్కటిగా ఎంచినప్పుడు, ఆకాశం నుండి పుష్పవృష్టి కురిసినదని వ్యాసుడే వ్రాసినాడు. గెలిచినవాడు వ్రాసుకొన్న చరిత్రలో ఓడినవానికి పూలవాన ఉంటుందా? ఓడినవాని మాటను అణచకుండా వినిపించి, విన్న తరువాత కూడ ధర్మం ఎటువైపు ఉన్నదో తేల్చుకొనే భారాన్ని మనపై ఉంచడం ఋషుల పద్ధతి. ఒక పక్షపు కంఠాన్ని మాత్రమే వినిపించడం నవల పద్ధతి. వీనిలో ఏది ఉదారమో పాఠకులే చెప్పవలె.

మూడవది 'పర్వ'. నేను చదివిన వానిలో మహాప్రతిభతో కూడినది ఇదే. అలౌకికమైనదంతా తొలగించి, కుంతీ ద్రౌపదీ భీష్మాదుల మనోవేదనలను భైరప్ప గారు చూపిన తీరుకు ఏ సహృదయుడైనా చలింపక మానడు. కాని అనేక విద్యావంతులు దీనిని చదివి, "మహిమలు తీసివేస్తే మిగిలినది అసలు చరిత్ర" అని అంటున్నారు. ఇది హేత్వాభాసం. చక్కెరపొంగలిలో బెల్లం తీసివేస్తే అది పొలంలోని వరి కాదు. ఇతిహాసం నుండి అలౌకికాన్ని తీసివేస్తే లభించేది చరిత్ర కాదు, మరొక కావ్యం మాత్రమే. ఆ కావ్యం గొప్పదే. దానికి సాక్షిత్వం మాత్రం లేదు.

సాక్షిత్వం అన్నాను గనుక, మన జిల్లాల సాక్షుల వద్దకు వద్దాము. బాపిరాజు గారి గన్నారెడ్డి గజదొంగ వేషంలో రుద్రమదేవికి తోడ్పడిన ధీరోదాత్తుడు. 2015లో వచ్చిన 'రుద్రమదేవి' చలనచిత్రం ఆ దొంగ వేషాన్ని ఊరూరికీ చేర్చినది. నవల మనోహరమైనది, అందులో సందేహం లేదు. కాని రాయచూరు కోటలోని క్రీ.శ. 1294 నాటి శిలాశాసనం గోన గన్నారెడ్డిని కాకతీయ ప్రభువుకు విధేయుడైన అధికారిగా చూపుతున్నది. ఆయన వద్ద పని చేసిన విఠలనాథుడు అక్కడ కోటను కట్టించినాడు. ఆ శాసనాన్ని గూర్చి తెలిసినవారు పాలమూరులో ఎందరు? మహబూబ్‌నగర్ సమీపంలోని భూత్పూరు, నాటి బుద్ధపురం. గోన బుద్ధారెడ్డి కుమార్తె కుప్పాంబిక, తన భర్త మల్యాల గుండన స్మృత్యర్థం గుండేశ్వరుని ప్రతిష్ఠించి 1276లో అక్కడ శాసనం వేయించినది. ఆమెను తెలుగువారి తొలి కవయిత్రిగా పలువురు పరిశోధకులు భావిస్తున్నారు. ఆమె శివుడు ఏ నవలలోనూ లేడు, మన మట్టిలో ఉన్నాడు.

ఇక నల్లగొండ జిల్లా నకిరేకల్లు సమీపంలోని చందుపట్ల. అక్కడి 1289 నాటి శాసనంలో పువ్వుల ముమ్మడి అనే ఒక భృత్యుడు, శివలోకానికేగిన కాకతి రుద్రమదేవికిని, మల్లికార్జున నాయకునికిని పుణ్యంగా సోమనాథదేవునికి భూమి దానమిచ్చినాడు. ఆ మహారాణి నిర్యాణకాలాన్ని మనకు తెలిపినది ఏ ఆస్థానకవీ కాదు, ఒక సేవకుని భక్తి. ఆమె ఎట్లు మరణించినదో ఆ శిల చెప్పలేదు. శిల మౌనం వహించిన చోట నవలాకారుడు మాట్లాడవచ్చును, అది అతని అధికారం. ఆ మాటను శిల పలికినదిగా మనం ప్రచారం చేయరాదు. నవలలోని గుఱ్ఱపు డెక్కల చప్పుడుకు ఒళ్లు పులకరించే మనము, ఊరి వెలుపల శాసనస్తంభానికి సున్నం పూస్తున్నాము; దానికి పశువులను కట్టివేస్తున్నాము. ఇదియే నా అసలు ఆవేదన. కల్పన నిజాన్ని చంపదు. కల్పనతో తృప్తి పడిన మనస్సు నిజం వైపు నడవడం మానుకొంటుంది.

ఈ విమర్శ పరపక్షానికి మాత్రమే వర్తించేది కాదు. విశ్వనాథ సత్యనారాయణ గారి పురాణవైర గ్రంథమాలలోని పన్నెండు నవలలను చూపి, "కలియుగ రాజవంశాల కాలం ఇట్లే నిర్ణయమైనది" అని వాదించే ఆస్తికులను నేను ఎరుగుదును. విశ్వనాథ వారి ప్రతిభకు సాష్టాంగం. కాని మనకు ఇష్టమైన కల్పన ప్రమాణమై, మనకు అనిష్టమైన కల్పన అపచారం కాజాలదు. తూనికరాయి ఇరుపక్షాలకూ ఒకటే ఉండవలెను. పక్షాన్ని బట్టి రాయి మారితే అది ధర్మకాంట కాదు, సంత మోసం.

కనుక ఆస్తిక మిత్రులారా, నవలలు చదువుడు, చదివింపుడు. మీ బిడ్డ చేతిలో శివనవల కనబడితే లాగివేయవద్దు. అది ముగిసిన నాడు ప్రక్కన కూర్చుండి క్షీరసాగరమథనం కథ చెప్పండి, ఏ శివునికి నమస్కరించాలని అనిపించినదో ఆ బిడ్డనే అడుగుడు. రావణుని పక్షాన మాట్లాడే యువకుని గద్దింపవద్దు. వాలి మాట్లాడిన సర్గను అతని చేత చదివింపుడు. దేవాలయ మంటపాలలో పురాణ ప్రవచనం అరుదైపోయినందువలన ఏర్పడిన శూన్యంలోనే నవలాకారుడు వచ్చి కూర్చున్నాడు. ఆయనను లేవగొట్టడం మన పని కాదు, ఆ మంటపంలో దీపం వెలిగించి వ్యాసపీఠం వేయడం మన పని. గన్నారెడ్డిని ప్రేమించేవారు ఒక్క ఆదివారం భూత్పూరుకో, చందుపట్లకో, నంది వడ్డెమానుకో పోయి రండి. అక్కడి రాయిని చేతితో తాకండి. ఏడు వందల సంవత్సరాలకు పైగా మన కొరకు నిలిచి ఉన్న సాక్షి అది. దాని మాట వినడానికి వచ్చేవారు లేకపోతే, రేపు దానికి బదులుగా ఎవరు ఏమి చెప్పినా కాదనడానికి మనకు నోరు ఉండదు.

స్వస్తి.