చవక ఎవరికి?

చలికాలం గడపడానికి అమెరికాలోని యూమా ప్రాంతానికి వచ్చే వృద్ధులు చాలామంది సరిహద్దు దాటి మెక్సికోలోని లాస్ అల్గొడోనెస్‌కు వెళ్ళి పళ్ళు కట్టించుకుంటారు. ఆ చిన్న ఊళ్ళో వందలమంది దంతవైద్యులున్నారు. 1965లో వృద్ధుల కోసం మెడికేర్ తెచ్చినప్పుడే మామూలు దంతవైద్యాన్ని చట్టం బయట పెట్టింది. నోరు శరీరంలో భాగం కాదన్నట్టు!

మన ప్రవాస స్త్రీలూ సెలవుల్లో హైదరాబాదు వచ్చి, పెళ్ళి పిలుపుల మధ్యే రూట్ కెనాల్ చేయించుకుంటారు. వారిని తప్పు పట్టలేం. కానీ ఇంప్లాంటు ఎముకలో కుదురుకోవడానికి నెలలు పడుతుంది. సెలవు వారాలే. తిరిగి వెళ్ళాక చిగురు వాస్తే బాధ్యత ఎవరిది?

ఇంతకూ ఈ 'చవక' ఎవరికి? డాలరుకు చవకైన క్లినిక్కు, ఆ పక్కవీధిలో అంట్లు తోమే స్త్రీకి అందదు. ఇంటిల్లిపాది అవసరాలూ తీరాకే ఆమె పన్ను గుర్తొస్తుంది. అప్పటికి పీకించుకోవడమే మిగులుతుంది, అదీ ఒక రోజు కూలి వదులుకుని. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగే స్త్రీలకు అంగిలి క్యాన్సర్ ముప్పుందని పరిశోధకులు దశాబ్దాలుగా చెబుతున్నారు. వారి నోరు తెరిపించి చూసేదెవరు?

నోటి ఆరోగ్యాన్ని అందరికీ అందే వైద్యంలో చేర్చాలని 2021లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానించింది. పళ్ళ బాగు విమాన టిక్కెట్టు కొనగలిగినవారి సౌకర్యంగా మిగిలిపోకూడదు. పీకడమే కాదు, పన్ను నిలబెట్టే వైద్యం కూడా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరకాలి. స్త్రీల ఆరోగ్య హక్కుల గురించి మాట్లాడే మనం ఈ డిమాండును ఇంకా ఎంతకాలం పక్కన పెడదాం?