చిన్నవాటిని చూడ్డానికి పెద్ద ఖర్చెందుకు?

పిల్లలూ, మనవి బదిలీల బతుకులు. లారీకెక్కే సామానులో వేలు పోసి కొన్న మాక్రో లెన్సు కూడా ఉండాలా? అక్కర్లేదని మా అభిప్రాయం.

గడియారాలు బాగుచేసేవారు కంటికి పెట్టుకునే భూతద్దాన్ని సెల్‌ఫోను కెమెరా ముందు ఉంచితే చీమ మీసాలు కనిపిస్తాయి. ఇంట్లో పాత కెమెరా ఉంటే క్లోజప్ ఫిల్టరు బిగించవచ్చు. +4 డయాప్టర్ అంటే నాభ్యంతరం 25 సెంటీమీటర్లు. ఇది పదో తరగతి సైన్సు లెక్కే. ఎక్స్‌టెన్షన్ ట్యూబులో అసలు గాజే ఉండదు. లెన్సును సెన్సారుకు దూరం జరుపుతుంది, అంతే. 50 మి.మీ. లెన్సుకు 50 మి.మీ. ట్యూబు తగిలిస్తే పురుగు ఎంత ఉందో సెన్సారు మీద బొమ్మా అంతే పడుతుంది. కాకపోతే వెలుతురు తగ్గుతుంది. మంచి ఎండపూట తీయాలి. ఇవన్నీ కంపాస్ బాక్సంత చోటులో ఇమిడిపోతాయి.

వదిలి వెళ్లే ఊళ్లో కోటనో గుడినో అందరూ ఫొటో తీసుకుంటారు. క్వార్టర్స్ గోడ మీది నాచు, బడి వేపచెట్టు బెరడు మీద పాకే పురుగు మాత్రం అక్కడ బతికినవాళ్లకే తెలుస్తాయి. మన ఊరంటే అవే. వాటిని వంగి చూసే ఓపిక ముందు, పరికరం తర్వాత. బదిలీ ఉత్తర్వు వచ్చేదాకా ఆగకండి. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.