గుత్తకా, రోజుకూలికా?

నాగోలు నుంచి ఒక సోదరుడు రాశారు: “మా మందుల దుకాణానికి సాఫ్ట్‌వేర్ రాయించదలచాను. ఒక కంపెనీ అంతా కలిపి ఒకే ధర అంటోంది. మరొకటి పనిచేసిన గంటల లెక్కన అంటోంది. కష్టపడి కూడబెట్టిన డబ్బు. ఎవరికివ్వను?”

ఇల్లు కట్టించినవారికి ఈ చిక్కు కొత్తదేం కాదు. మేస్త్రీకి గుత్తకిస్తే ఖర్చు ముందే తెలుస్తుంది గాని, మధ్యలో గుమ్మం జరపమంటే వేరే లెక్క చెబుతాడు. రోజుకూలికి పెడితే గుమ్మం ఎన్నిసార్లయినా జరుగుతుంది, గృహప్రవేశం మాత్రం జరగదు!

అంతా ముందే రాసుకుని, కట్టి, చివర పరీక్షించే పద్ధతిని 1970లో విన్‌స్టన్ రాయిస్ బొమ్మ గీసి చూపాడు. ఒక్క విడతలో అలా పోతే ప్రమాదమనీ అన్నాడు. లోకం బొమ్మను పట్టుకుని హెచ్చరికను వదిలేసింది. 2001లో అమెరికాలోని యూటాలో 17 మంది కూడి ‘ఎజైల్’ ప్రకటన చేశారు. కొంచెం చేసి చూపడం, దిద్దుకోవడం, మళ్లీ చేయడం. గంటల లెక్క దీనికి పొసగుతుంది.

మీకు జి.ఎస్.టి. బిల్లు, బ్యాచి నంబరు, గడువు తేదీ, హెచ్-1 మందుల రిజిస్టరు ఎలా ఉండాలో ఇప్పుడే తెలుసు. అంతవరకు గుత్తకివ్వండి. ఫోన్లో ఆర్డర్లు తీసుకోవడంలాంటి, ఇంకా తేలని పనులు గంటల లెక్కనే చేయించండి. కాని నెలకింత మించరాదనీ, నచ్చకపోతే ఆపేయవచ్చుననీ రాయించుకోండి. కోడ్ హక్కు మీకు బదిలీ చేసినట్టు కాగితం ఉండాలి సుమా, నోటిమాట చెల్లదు.

ధర మాట్లాడేముందు వాళ్లలో ఒకరిని మీ కౌంటరు వెనుక కూర్చోబెట్టండి. సాయంత్రం రద్దీవేళైతే మరీ మంచిది.