మొలతాడు చెప్పే లెక్క

కొలతల విషయంలో మన తెలుగువాళ్ళకు గజంబద్దతో పనిలేదు, దేహమే చాలు. నాలుగు వేళ్ళ వెడల్పు బెత్తెడు. బొటనవేలి కొసనుంచి చిటికెనవేలి కొసదాకా జానెడు. మోచేతినుంచి నడిమివేలి కొసదాకా మూరెడు. రెండు చేతులూ చాపితే బారెడు. ఇన్ని కొలతలున్న మనం, పిల్లల వొళ్ళు కొలవడానికి మాత్రం జంకుతాం. "కాస్త బొద్దుగా వున్నాడే" అని ఎవరైనా అన్నారా, ఆ సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేయవలసిందే!

కరీంనగరంలో మా వీధి అవ్వ ఒకామె తన మనుమణ్ణి చూపించి, "మంచిగ పుష్టిగున్నడు గద సారూ" అని సంబరపడింది. వాడికి తొమ్మిదేళ్ళు. "బరువెంత వుంటాడవ్వా?" అన్నాను. "పోరల బరువు సూస్తరా సారూ? దిష్టి తాకదా!" అంది. అవ్వను నేను తప్పుపట్టను. గటక తిని గంజి తాగి పెరిగిన కాలం ఆమెది. కరువు చూసిన కళ్ళకు పిల్లవాడి బొజ్జ భాగ్యంలాగే కనిపిస్తుంది. కాని చిక్కంతా ఆ కంటికొలతతోనే వచ్చింది. పక్కింటి పిల్లలూ అలాగే వుంటే మనవాడు సన్నగానే వున్నట్టు తోస్తుంది.

పోనీ, బరువు తూచితే చాలదా? చాలదు. పొడుగుపాటి పిల్లవాడు బరువుండడం సహజమే కదా! 1830ల్లో బెల్జియం గణితవేత్త కెట్లే, ఎదిగిన మనుషుల బరువు వాళ్ళ ఎత్తు వర్గాన్ని అనుసరించి పెరుగుతుందని గమనించాడు. బరువును ఎత్తు వర్గంతో భాగించే ఆ లెక్కకే 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాడు. ఉదాహరణకు, తొమ్మిదేళ్ళవాడి ఎత్తు 130 సెంటీమీటర్లు, బరువు 38 కిలోలు అనుకోండి. 38ని 1.3తో రెండుసార్లు భాగిస్తే సుమారు 22.5 వస్తుంది. తండ్రికి 22.5 వస్తే డాక్టరు మెచ్చుకుంటాడు. కొడుక్కి వస్తే మాత్రం ఆలోచించాలి. ఆ వయసుకు అది చాలా ఎక్కువ. పిల్లలకు ఏ వయసుకు ఆ హద్దు వేరు, ఆడపిల్లకూ మగపిల్లవాడికీ వేరు. అందుకే భారతీయ శిశువైద్యుల సంఘం 2015లో, అయిదునుంచి పద్ధెనిమిదేళ్ళవాళ్ళకు మన దేశపు పట్టికలు సవరించి ప్రకటించింది.

పట్టిక చూసే వోపిక లేనివాళ్ళకు ఇంకో దారి వుంది. దాన్ని చదివినప్పుడు నాకు మన మొలతాడు గుర్తొచ్చింది. మావైపు మొల్దారమంటారు. బిగుతయినప్పుడల్లా విప్పి కొత్తది కట్టడమే కాని, ఎన్ని బెత్తెలు పెరిగిందో లెక్క చూసిన తల్లి లేదు. ఒక దారం తీసుకొని పిల్లవాడి అరికాలినుంచి మాడుదాకా కొలిచి తెంచండి. దాన్ని సరిగ్గా సగానికి మడవండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడుమ, పిల్లవాడు మామూలుగా ఊపిరి వదిలాక, నడుముచుట్టూ తిప్పండి. రెండు కొసలూ కలిస్తే మంచిదే. కలవకపోతే డాక్టరుకు ఒకసారి చూపించాలన్నమాట. నడుము, ఎత్తులో సగానికి మించరాదన్న ఈ సూత్రాన్ని ప్రచారం చేసినవారిలో ముఖ్యురాలు ఇంగ్లాండుకు చెందిన మార్గరెట్ ఆష్‌వెల్. అయిదారేళ్ళు దాటినవాళ్ళకే ఇది వర్తిస్తుంది. పాలు తాగే పాపాయి బొజ్జకు దారం చుట్టి బెంగపడకండి.

మన లెక్కలో చెప్పాలంటే, మనిషి ఎత్తు వాడి చేతి మూరతో దాదాపు నాలుగు మూరలు. అంటే నడుము రెండు మూరలు దాటరాదు. మూర ఆ పిల్లవాడిదే కావాలి సుమా, పూలమ్మే ఆమెది కాదు! ఆవిడ మూర మనకు ఎప్పుడూ కురచే.

నడుమే ఎందుకు కొలవాలంటే, పొట్టలో పేరుకొనే కొవ్వు మిగతా కొవ్వుకంటె చెడ్డది, పైకి కనిపించదు కూడాను. పూణే వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, ఆయన ఇంగ్లీషు మిత్రుడు జాన్ యుడ్కిన్ 2004లో తమ ఫోటో ప్రకటించారు. ఇద్దరికీ బి.ఎం.ఐ. 22.3. వొంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మనవాడికి 21.2 శాతం!

అయితే కరీంనగరం దాటి ఉత్తరానికి పోతే మాట మారుతుంది. ఆదిలాబాదు జిల్లా ఉట్నూరు వైపు గోండు, కొలాము గూడేలలో నడుము కొలిచే దారం ఎవరికి కావాలి? అక్కడ పనికొచ్చేది చేతిపట్టీ. ఆరునెలల నుంచి అయిదేళ్ళలోపు బిడ్డ ఎడమచేతి దండకు, భుజానికీ మోచేతికీ సరిగ్గా నడుమ, చుడతారు. 11.5 సెంటీమీటర్లకు తగ్గితే ఎరుపు, 12.5 లోపు పసుపు, ఆపైన పచ్చ. ఏడాదినుంచి అయిదేళ్ళ మధ్య దండ చుట్టుకొలత పెద్దగా మారదు గనక, పుట్టినతేదీ తెలియని బిడ్డనయినా కొలవవచ్చు. 1974లో బాగ్దాద్ వైద్యుడు షాకిర్, ఇంగ్లాండు వైద్యుడు డేవిడ్ మోర్లే ఈ రంగుల పట్టీ సంగతి వెల్లడించారు. అక్షరం రాని తల్లికీ ఎరుపు అర్థమవుతుంది.

ఈ రెండు పట్టీలూ వేర్వేరు పిల్లలకని అనుకొంటాం. అలా కాదు. ఢిల్లీలో 1969, 72 సంవత్సరాల మధ్య పుట్టినవాళ్ళను ముప్ఫై ఏళ్ళ వయసువరకూ గమనించి, 2004లో ఫలితాలు చెప్పారు. పసితనంలో సన్నగా వుండి, రెండేళ్ళనుంచి పన్నెండేళ్ళలోపు త్వరత్వరగా వొళ్ళు చేసినవాళ్ళలో చక్కెరజబ్బు ఎక్కువట. పన్నెండేళ్ళప్పుడు వాళ్ళెవరూ లావుపాటి పిల్లలుగా కనిపించినవాళ్ళు కారు! ఊరినుంచి పట్నానికి వచ్చి, జొన్నరొట్టె మాని చిప్సు పొట్లాలకూ సీసా పానీయాలకూ మరిగిన పిల్లలను తలచుకొంటే నాకు ఇదే భయం.

అలాగని గూడెంలో తిండి తగ్గించాలని కాదు, పొరపడకండి. 1987–90 మధ్య హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో గర్భిణులకూ పసిపిల్లలకూ అదనపు ఆహారం పెట్టారు. ఆ పిల్లలు పదమూడు, పద్ధెనిమిదేళ్ళ మధ్య వున్నప్పుడు చూస్తే, పెట్టని పల్లెలవాళ్ళకంటె 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు; కొవ్వు మాత్రం హెచ్చలేదు. వేళకు పెట్టిన మెతుకు ఎముకకు పట్టిందన్నమాట.

దారం కొసలు కలవకపోయినంతమాత్రాన పిల్లవాణ్ణి పస్తుంచకండి, నలుగురిలో "బొండాం" అని పిలవకండి. ఎదిగే వయసు గనక బరువు అక్కడే నిలిపితే చాలు, ఎత్తు దానంతటదే అందుకొంటుంది. ట్యూషనొకటి మానిపించి మైదానానికి తరమండి.

2013నుంచి ప్రభుత్వ పాఠశాలలకు ఏడాదికొకసారి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్యబృందం వస్తోంది. ఫీజులు కట్టి చదివించే మన బడుల ప్రోగ్రెసు కార్డుల్లో ఎత్తు, బరువు అని రెండు గడులుంటాయి. మార్కులు చూసి సంతకం చేసేముందు ఆ గడుల్లో ఏమైనా రాశారేమో చూడండి. ఖాళీగా వుంటే టీచరమ్మను అడగండి.