బిడ్డలను దూరము పంపిన తల్లులు

ఉప్పలు, నాచారము ప్రాంతముల సోదరీమణులు మమ్ము తరచుగ నడుగు ప్రశ్న యొకటి కలదు. భార్యాభర్త లిరువురును నాచారపు కర్మాగారములలో పనిచేయుదురు. ఇంట పెద్దదిక్కు లేదు. అయిదేండ్ల బిడ్డను భువనగిరి వైపుననో వరంగల్లు వైపుననో ఉన్న స్వగ్రామమున అమ్మమ్మయొద్ద నుంచవచ్చునా? లేక వసతిగృహమున చేర్పింపవలెనా? దీనికి ఒక్కమాటలో బదులు చెప్పజాలము. కాని యిట్టి పనినే వెనుకటి యుద్ధములో ఒక దేశమంతయు ఒక్కసారిగ చేసి చూచినది. అది యెంతవరకు ఫలించినదో విచారించినచో మన ప్రశ్నకు కొంత వెలుగు దొరకును.

1939 సెప్టెంబరు 1వ తేదీ మొదలు మూడు దినములలో బ్రిటనులోని నగరములనుండి సుమారు 15 లక్షలమందిని పల్లెలకు తరలించిరి. వారిలో 8 లక్షలకు పైబడినవారు తల్లిదండ్రులను విడిచి వచ్చిన బడిపిల్లలు. 5 లక్షలకు పైగా తల్లులును, వారి చిన్నబిడ్డలును. ఉపాధ్యాయులును సహాయకులును ఇంచుమించు లక్షమంది వెంట నడిచిరి. (ఆ పంతుళ్ల యిండ్లలోని యిల్లాండ్రను గూర్చి చరిత్రకారులు విశేషముగ వ్రాయరు; మాకు మాత్రము వారే ముందుగ తలపునకు వచ్చిరి.) ప్రతి బిడ్డ దుస్తులకును పేరువ్రాసిన చీటి, భుజమున విషవాయువు సోకకుండు ముసుగుపెట్టె, చేత ఒక జత బట్టలు, దువ్వెన, తువాలు. ఇంతమందిని మూడు దినములలో గమ్యము చేర్చుట సామాన్యము కాదు. ప్రభుత్వము దానినే విజయముగ నెంచుకొన్నది.

చిక్కంతయు రైలు దిగిన పిమ్మట మొదలయ్యెను. పెక్కు గ్రామములలో పిల్లలను ఒక మందిరమున నిలువబెట్టగా, ఇంటి యజమానురాండ్రు వచ్చి సంతలో వంకాయల నేరినట్లు తమకు నచ్చినవారిని ఏరుకొనిరి. శుభ్రముగ కనబడువారును, చేతి పనికి అక్కరకు వచ్చువారును ముందు పోయిరి. చీకటిపడువరకు ఎవ్వరును పిలువక మిగిలిన బిడ్డ ఆ రాత్రి ఏమి తలచుకొన్నదో తల్లులైనవా రూహింపగలరు. ఒక్క బిడ్డ నుంచుకొన్నచో వారమునకు 10 షిల్లింగుల 6 పెన్నీలును, అంతకు మించి యుంచుకొన్నచో తలకు 8 షిల్లింగుల 6 పెన్నీలును ఇచ్చుచుండిరి. బిడ్డలు పక్క తడుపుచున్నారనియు, తలనిండ పేలనియు ఇంటివారు మొరపెట్టిరి. బిడ్డలకును అన్నము సయించలేదు.

1940 జనవరి నాటికి ఆ బడిపిల్లలలో నూటికి 40 మందికి పైగా తిరిగి నగరము చేరిరి. బాంబులు పడకపోవుట ఒక కారణము. తల్లులతో వచ్చిన చిన్నబిడ్డలలోనో, నూటికి 80 మందికి పైగా మరలిపోయిరి! తల్లి వెంటనున్న బిడ్డ నిలువక, తల్లి లేని బిడ్డ నిలుచుట విపరీతముగ తోచును. కాని వంటింటి సంగతి తెలిసినవారికి ఇందు వింత లేదు. అపరిచితురాలి పొయ్యిమీద తన బిడ్డకు పాలు కాచుకొనుటకు ఆమె అనుమతికై కాచుకొనియుండవలెను. పగలెల్ల ఏ పనియు లేదు. మగడు నగరమున ఒంటిగ నున్నాడు. ఏ యిల్లాలు ఎన్నాళ్లు ఓర్చును? అధికారులు పడకలను లెక్కించిరేగాని పొయ్యిని లెక్కింపలేదు.

ప్రాణరక్షణ విషయమున ఆ తరలింపు వ్యర్థమనుట అన్యాయము. 1940 సెప్టెంబరు 7న లండనుపై ఘోరముగ బాంబులు పడనారంభించెను. యుద్ధాంతమునకు బ్రిటనులో సుమారు 7,700 మంది బిడ్డలు బాంబులచే మరణించిరి. నగరములలో అందరును ఉండిపోయినచో ఈ సంఖ్య ఇంకెంత పెరిగియుండెడిదో! 1944 వేసవిలో ఎగురు బాంబులు వచ్చినపుడు మరల లక్షలమంది వెడలిరి. ఒకే తల్లి ఒకే బిడ్డను మూడుమారులు పంపి, మూడుమారులు పిలిపించుకొన్న యిండ్లు కలవు. పంపుటెల్ల క్షేమమే యనియు చెప్పరాదు. 1940 సెప్టెంబరు 17న విదేశమునకు బిడ్డలను కొనిపోవుచున్న సిటీ ఆఫ్ బెనారెస్ నౌకను జర్మనులు ముంచగా, ప్రభుత్వము పంపిన 90 మందిలో 77 మంది మరణించిరి.

సూసన్ ఐజాక్స్ అను విదుషీమణి కేంబ్రిడ్జికి వచ్చిన పిల్లలను పరిశీలించి 1941లో ఒక గ్రంథము ప్రకటించెను. అచట మీకేమి లోటని యడుగగా పిల్లలు ముఖ్యముగ తలిదండ్రులనే పేర్కొనిరి. అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను, స్నేహితులను విడదీయక ఉంచవలెనని ఆమె గట్టిగ చెప్పెను. అన్నా ఫ్రాయిడ్, డొరతీ బర్లింగ్‌హామ్ అనువారు లండనులో శిశుగృహములు నడపి, పసిబిడ్డకు బాంబులకన్న తల్లియెడబాటే యెక్కువ బాధాకరమని కనిపెట్టిరి.

దేవకి సంగతి మనకు క్రొత్తదికాదు. యశోద ముద్దుమురిపెములను మన కవులు తనివితీర పాడిరి. చెరలో ఆ యేండ్లన్నియు దేవకి యెట్లు గడపినదో అంతగ పాడినవారు లేరు.

మన తెలుగుదేశమునను 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముపైనను కాకినాడపైనను జపానువారి విమానములు బాంబులు వేసెను. విశాఖనుండి జనులు గుంపులుగ లోపలి యూళ్లకు వెడలిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తే గుంటూరునకు తరలెను. అది చీటీకట్టి బిడ్డలను పంచిపెట్టుట కాదు. కుటుంబములు కుటుంబములుగ పుట్టింటికో మేనమామ యింటికో పోయిరి. చుట్టపుటింట ఇరుకును, మాటపట్టింపులును ఉండకపోవు. కాని అచట పొయ్యి పరాయిది కాదు.

కనుక నాచారపు సోదరికి మేము చెప్పునది ఇది. బిడ్డకు అమ్మమ్మ చేయి అలవాటైనదేని వసతిగృహముకన్న అమ్మమ్మ యిల్లే మేలు. అలవాటు లేనిచో మీరు ముందు కొన్నాళ్లు వెంటనుండి రండు. ఇరువురు బిడ్డలుండినచో ఒకరిని ఇచటను ఒకరిని అచటను ఉంచకుడు. రేపే వత్తునని బొంకి బయలుదేరకుడు. ఏ దినమున వత్తురో చెప్పి ఆ దినముననే పొండు. బ్రిటనులో తల్లిదండ్రులు పోయి చూచివచ్చుటకు తరువాత చౌక టిక్కెట్టు లేర్పరచిరి. 2023 డిసెంబరునుండి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కల్పించిరి. ఉప్పలులో ఉదయము బస్సెక్కినచో భువనగిరిలో బిడ్డతో మధ్యాహ్నభోజనము చేసి ప్రొద్దుగ్రుంకువేళకు తిరిగి రావచ్చును.