రాశి అడుగున తడి

గత నెలలో మా పూర్వ విద్యార్థి ఒకడు గుంటూరు నుండి వచ్చాడు. ఫోనులో ఒక కారు ఫొటో చూపించి, "ఉస్తాద్! పన్నెండేళ్ల జర్మనీ కారు. కొత్తలో 30 లక్షలకు పైమాటేనట. ఇప్పుడు 6 లక్షలకు ఇస్తామంటున్నారు. అమ్మీని హైదరాబాదు ఆసుపత్రికి సుఖంగా తీసుకువెళ్లవచ్చు. తమరేమంటారు?" అని అడిగాడు. ఆ సొమ్ము అతని చెల్లెలి నికాహ్ కోసం కూడబెట్టినదని మాకు తెలుసు.

అతని కోరికలో తప్పు లేదు. ఇటువంటి కార్లు రహదారిపై నిలకడగా సాగుతాయి. ధర తరుగుదలలో అధిక భాగాన్ని మొదటి యజమానే భరించి ఉంటాడు. అయితే పేరును చూసి భద్రతను ఊహించుకోరాదు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ జరిపిన పరీక్షలో ఎయిర్‌బ్యాగులున్న ఫోక్స్‌వ్యాగన్ పోలోకు 4 స్టార్లు లభించగా, అవి లేని పోలోకు ఒక్కటీ రాలేదు. కనుక మనం కొనబోయే ఆ ఒక్క కారులో ఏమున్నదో చూసుకోవాలి.

మరొక సంగతి. కారు ధర తగ్గుతుంది గాని, దాని పోషణ వ్యయం తగ్గదు. 30 లక్షల కారు 6 లక్షలకు వచ్చినా, విడిభాగాలు 30 లక్షల కారువే. రబ్బరు, ప్లాస్టిక్కు భాగాలు తిరిగిన దూరంతోనే గాక, గడచిన ఏళ్లతోనూ, మన ఎండలతోనూ పెళుసెక్కుతాయి. టైమింగ్ బెల్టుతో నడిచే అనేక ఇంజన్లలో ఆ బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. ఆటోమేటిక్ గేర్‌బాక్సు చెడితే కారు ధరలో పెద్ద భాగం మరమ్మతుకే పోవచ్చు.

పత్రాలనూ పరిశీలించాలి. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆపైన ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే 5 ఏళ్లకు పొడిగిస్తారు. ఢిల్లీ నుండి వచ్చిన కారైతే అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడి జీవితకాల పన్ను సంగతి ముందే తేల్చుకోవాలి. ఆర్సీలో పాత అప్పు నమోదై ఉన్నదేమో చూడాలి.

అన్నిటికంటె దాగి ఉండేది నీరు. 2020 అక్టోబరులో హైదరాబాదులోను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోను ఎన్నో వాహనాలు మునిగాయి. వాటిని కడిగి, మెరుగుపెట్టి అమ్మేవారున్నారు. సీటు బెల్టును చివరి వరకు లాగి చూడండి. సీటు కింది ఇనుప పట్టాలను, తివాచీ అడుగును తడిమి చూడండి. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చి, అడుగున తడిని కనుగొన్న సంఘటన మనందరికీ తెలిసినదే.

మేమూ ఒకప్పుడు పాత ఐరోపా కారు ఒకటి అమ్మవలసి వచ్చింది. ఇంజను బాగా వేడెక్కినప్పుడు మాత్రమే గేరు కుదుపునిచ్చేది. "ఉదయం చల్లగా ఉన్నప్పుడే చూపించండి" అని దళారి సలహా ఇచ్చాడు. మాకు డబ్బు అవసరం. ఆ రాత్రి మా మనసు ఊగిసలాడలేదని చెప్పలేము. తెల్లవారి కొనడానికి వచ్చినతను భార్యాబిడ్డలతో వచ్చాడు. ఉన్న సంగతి చెప్పివేశాము. 40 వేలు తగ్గించి ఇచ్చాడు. ఆ లోటు ఏడాదిపాటు మమ్మల్ని ఇబ్బంది పెట్టింది. అయినా అతడు ఎదురుపడితే ముఖం తిప్పుకోవలసిన అవసరం కలుగలేదు.

విద్యార్థితో ఇంతే చెప్పాము: "అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్‌కు రుసుము ఇచ్చి చూపించు. ధరలో మూడవ వంతు మరమ్మతులకు విడిగా ఉంచుకో. ఇదంతా చెల్లెలి సొమ్ము ముట్టకుండా కుదిరితే కొనుక్కో. కుదరకపోతే చిన్న కారు చాలు. అమ్మీకి కావలసింది దారిలో ఆగిపోని బండి."

వారం తర్వాత ఫోను చేశాడు. సీటు బెల్టు చివరి జానెడు మట్టిరంగులో ఉన్నదట. బేరం వదులుకున్నాడు. నికాహ్ సొమ్ము భద్రంగా ఉన్నది.

కాని ఆ కారు ఇంకా అమ్మకానికే ఉన్నది. రేపు మరొక ఇంటివారు దానిని చూడటానికి వెళతారు. అమ్మే స్థానంలో మనమే ఉంటే, ఆ బెల్టును మనమే లాగి చూపిస్తామా?