మాత్ర వేశాక మెడ పక్కకు తిరిగిపోయిందా? గాలి సోకిందనుకోకండి.. ముందు మందు చీటీ చూడండి!

కార్వేటినగరం: మానసిక సమస్యకు మందులు మొదలుపెట్టి రెండు మూడు రోజులే అయ్యింది. ఉన్నట్టుండి కుర్రాడి మెడ ఒక పక్కకు తిరిగిపోయింది. కళ్లు పైకి వెళ్లి అలాగే నిలిచిపోయాయి. దవడ బిగుసుకుపోయి మాట రావడం లేదు. ఇలాంటప్పుడు ఇంట్లో మొదట వినిపించే మాట ఏంటి? గాలి సోకింది! వెంటనే మంత్రించే వాళ్ల దగ్గరికి పరుగు. మాత్రలు అటకెక్కుతాయి.

నిజానికి ఇది డాక్టర్లకు బాగా తెలిసిన సైడ్ ఎఫెక్టే. పేరు డిస్టోనియా. హాలోపెరిడాల్ లాంటి మందులు మొదలుపెట్టిన తొలి రోజుల్లో, ఎక్కువగా కుర్రవాళ్లలో వస్తుంది. చూడ్డానికి భయంగా ఉన్నా ప్రొమెథజిన్ లాంటి ఇంజెక్షన్ ఇస్తే సాధారణంగా గంటలోపే తగ్గుతుంది. గొంతు బిగిసి ఊపిరి ఆడకపోతే మాత్రం ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి.

అసలు చిక్కు ఎక్కడంటే.. ఒంట్లో మందు ప్రభావం తగ్గేకొద్దీ ఈ బిగుతు కొన్ని గంటల్లో దానంతటదే సడలిపోవచ్చు. అదే సమయానికి తాయెత్తు కట్టారనుకోండి. క్రెడిట్ అంతా తాయెత్తుకే! మందే చెడ్డదని ఇంటిల్లిపాదీ తేల్చేస్తారు. మాత్రలు ఆపేశాక కొన్నాళ్లు బాగానే ఉంటాడు కూడా. ఆ తర్వాత జబ్బు తిరగబెడుతుంది.

దీనికి సరిగ్గా ఉల్టా జరిగేది ఇంకోటి ఉంది. మనిషి ఒకచోట కూర్చోలేడు, కాళ్లు ఆడిస్తూనే ఉంటాడు, రాత్రంతా వాకిట్లో తిరుగుతాడు. పిచ్చి ముదిరిందని డోసు పెంచమంటారు ఇంట్లో వాళ్లు. కానీ ఆ అస్థిమితం మందు వల్ల వచ్చిందైతే, డోసు పెంచితే ఇంకా ఎక్కువవుతుంది. అందుకే 'ఎప్పటి నుంచి? ఏ మాత్ర మొదలుపెట్టాక?' అన్నది డాక్టరుకు ముందుగా చెప్పాలి.

ఎండాకాలంలో మన ప్రాంతంలో మరీ జాగ్రత్తపడాల్సింది లిథియం వాడేవాళ్ల విషయంలో. మామిడి తోటలో పనికెళ్లి చెమటలు కక్కినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా ఒంట్లో నీరు తగ్గి రక్తంలో లిథియం పెరిగిపోతుంది. పైగా మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి వేసుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా దాన్ని పెంచేవే. చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే తర్వాతి మాత్ర వేసేలోపే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తాగొచ్చాడేమో అని తిట్టి పడుకోబెట్టడం కాదు!

మరికొన్ని సందర్భాల్లో కూడా తెల్లారేదాకా ఆగకూడదు. మందు వాడుతుండగా జ్వరం బాగా పెరిగి, ఒళ్లు కట్టెలా బిగుసుకుని, మాట తడబడితే ప్రాణం మీదికొచ్చినట్టే. కార్బమజెపిన్, లామోట్రిజిన్ వాడేవాళ్లకు ఒంటి మీద దద్దుర్లతో పాటు నోట్లో పుండ్లు వస్తే అదే రోజు చూపించాలి. క్లోజపిన్ వాడుతుంటే గొంతునొప్పి, జ్వరం వచ్చినా వెంటనే రక్తపరీక్ష చేయించాలి. 25 ఏళ్లలోపు వాళ్లకు డిప్రెషన్ మందు మొదలుపెడితే తొలి వారాల్లో చావు మాటలు వస్తున్నాయేమో గమనించాలి. ఈ విషయంలో అమెరికా ఔషధ సంస్థ మందుల లేబుళ్లపై హెచ్చరిక పెట్టించింది.

ఇవన్నీ కుటుంబమే వెతుక్కుని తెలుసుకోవాలా? చట్టం అలా అనట్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఇస్తున్న చికిత్స ఏంటో, దాని సైడ్ ఎఫెక్ట్స్ ఏంటో అర్థమయ్యే భాషలో చెప్పించుకోవడం రోగి హక్కు. కానీ కిక్కిరిసిన ఓపీలో అంత తీరిక ఎక్కడిది? ఇక్కడి నుంచి పుత్తూరు మీదుగా తిరుపతికి వెళ్లి రావడమంటే ఒక రోజు కూలి పోయినట్టే. విశాఖలోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి అయితే 700 కిలోమీటర్లకు పైమాటే. చీటీ రాసిన డాక్టరు మళ్లీ దొరికేలోపు నిర్ణయం ఇంట్లోనే జరిగిపోతోంది. తప్పు కుటుంబాలదే అనడం సులువు.

ఫోన్ అయితే చేతిలోనే ఉంది కదా! 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చేసేముందు మాత్రల షీటు చేతిలో పెట్టుకోండి. పేరు చదవలేకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల చేత చదివించండి. మందు వల్ల ఇబ్బంది వచ్చిందని రోగి తరఫు వాళ్లే నేరుగా ప్రభుత్వానికి చెప్పుకోవడానికి 1800 180 3024 అనే టోల్ ఫ్రీ నంబర్ కూడా ఉంది.